పద్యం పాడినవారు, వ్రాసినవారు

పాత పాటల మాట వచ్చినప్పుడు మనకు ముందుగా తలపునకు వచ్చేవి సినిమా పాటలే. కాని వాటికి ఒక తరం ముందు తెలుగువారి నోట నిత్యం ఆడినది పాటకంటె పద్యమే. బండి తోలే రైతు, చేను కావలి కాసే పాలేరు, అక్షరం ముక్క రానివారు సైతం శార్దూలాలను, మత్తేభాలను గొంతెత్తి పాడుకొన్న కాలమది. ఆ పద్యాలు వారికి పుస్తకంలో దొరికినవి కావు. మొదట నాటకరంగం మీది నటుని గొంతునుండి, పిమ్మట గ్రామఫోను ముల్లునుండి చెవిన పడినవి. ఈ ప్రయాణంలో పద్యం నిలిచినది. పాడినవాని పేరూ నిలిచినది. వ్రాసినవాని పేరు మాత్రం అన్ని చోట్లా నిలవలేదు.

తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాలనే తీసుకొందాము. శతావధానాలతో ఆంధ్రదేశాన్ని ఊపివేసిన ఆ జంటకు పామరజనంలో శాశ్వతమైన చోటు సంపాదించి పెట్టినది అవధానం కాదు, కృష్ణరాయబారం. బందా కనకలింగేశ్వరరావు, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివారు కృష్ణపాత్రలో పాడిన పద్యాలు ఊరూరా మారుమ్రోగినవి. కాంట్రాక్టు నాటకాల రోజులలో ఒకే రాత్రి ఒకే నాటకంలో ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు అని వంతులుండేవి. వేర్వేరు ఊళ్లనుండి వచ్చిన నటులు రిహార్సలైనా లేకుండ కలిసి ఆడేవారు. జనం కథకోసం వచ్చేవారు కారు. కథ వారికి తెలిసినదే. ఏ కృష్ణుడు ఏ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకొంటాడో వినడానికి వచ్చేవారు. ఈ పద్యాలు మహాభారతంలోనివే అని నమ్మినవారు ఎందరో. కవులకు ఇంతకంటె గొప్ప కీర్తి లేదని కొందరంటారు. కావచ్చు, కాని అది పేరు లేని కీర్తి.

మైకు లేని కాలంలో చివరి వరుసదాకా వినబడాలంటే గొంతు పై స్థాయిలో పలకాలి. హార్మోనియం దానికి తోడు. పద్యం ముగిసిన తరువాత సాగే ఆలాపన కొన్నిసార్లు పద్యం కంటె పొడవు. ‘వన్స్ మోర్’ కేక వినబడితే మళ్లీ మొదటినుండి. ఈ రాగాల జోరులో మాట నలిగిపోతున్నదని విమర్శకులు వాపోవడం న్యాయమే. ఆ జోరుకు కళ్లెం వేసినది వారి విమర్శ కాదు, ఒక యంత్రం. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాటను పట్టుకొన్న గ్రామఫోను, తరువాతి దశాబ్దాలలో మన నటుల గొంతులనూ పట్టుకొన్నది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డులో ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. ఆ ఇరుకులో రాగం తగ్గవలసి వచ్చినది, మాట మిగిలినది. పద్యానికి ఆ యంత్రం చేసినది ఉపకారమే అని నా నమ్మకం.

పాడినవాడే వ్రాసినవాడైన సందర్భమూ ఒకటున్నది. ముత్తరాజు సుబ్బారావుగారి ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా ప్రఖ్యాతి గాంచిన స్థానం నరసింహారావుగారు తన పాత్రకు తానే ఒక పాట వ్రాసుకొన్నారు. 1966లో ఆ కథ సినిమాగా వచ్చినప్పుడు అదే పాటను పి. సుశీల పాడగా ఇంకొక తరం నేర్చుకొన్నది.

ఇక ఘంటసాల. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకొన్న ఈ విద్వాంసునికి రాగం చేతకాక కాదు, అయినా పద్యంలో ఆయన రాగాన్ని అర్థానికి దాసిని చేశారు. సమాసం ఎక్కడ విరగాలో, ఎక్కడ విరగరాదో ఆయనకు తెలుసు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’ ఆయన కంఠంలో రికార్డులైన తరువాత ‘ఉదయశ్రీ’ని చదువని ఇళ్లలోనికి కూడ కరుణశ్రీ ప్రవేశించారు. ఇక్కడ గాయకుడు కవిని మరుగుపరచలేదు, వెంటబెట్టుకొని వచ్చాడు. ఇటువంటి అదృష్టం అందరికీ పట్టలేదు.

బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేసరికి నటులు ఎత్తుకొనే పద్యాలు కొన్ని బలిజేపల్లివారివి కావు. అవి గుఱ్ఱం జాషువా వ్రాసిన ‘స్మశానవాటి’ ఖండికలోనివి. నాటకం కోసం వ్రాసినవి కావు. నటులే తెచ్చి అతికించుకొన్నారు. బండారు రామారావు, డి.వి. సుబ్బారావు వంటివారు పాడగా అవి కాటిసీనుకు ప్రాణమైనవి. రాజూ పేదా ఒకే బూడిదలో కలిసే ఆ చోట అంటరానితనం చెల్లదని చెప్పిన కవి, వినుకొండలో పుట్టి బ్రదుకంతా ఆ అంటరానితనాన్ని అనుభవించినవాడు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడెమీ బహుమానం 1964లో వచ్చినది. అప్పటికే ఎన్నో ఊళ్లలో, ఆయనను ఇంటి గడప త్రొక్కనీయని పెద్దలు సైతం ముందు వరుసలో కూర్చుండి, ఆ పద్యాలకు కన్నీరు తుడుచుకొని, ‘వన్స్ మోర్’ అని కేక వేసి ఉన్నారు. పద్యం ఎవరిదో వారడుగలేదు. నటుడూ చెప్పలేదు.