ఒకే నది, రెండు నీటి మట్టాలు

2009 అక్టోబరు మొదటి వారాన్ని మన సంఘంలో ఎవరూ మరచిపోలేదు. మా అరకేరకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, రెండూ పొంగాయి. మంత్రాలయం మునిగింది, కర్నూలు మునిగింది. 19 లక్షల క్యూసెక్కుల వరదను లెక్కలోకి తీసుకుని కట్టిన శ్రీశైలానికి 25 లక్షల పైచిలుకు వచ్చిపడింది. అప్పటినుంచి ‘ఈసారి నీళ్లు ఎందాకా వస్తాయి?’ అని అడిగితే అధికారులు కంప్యూటరు గీసిన మ్యాపు చూపిస్తున్నారు. ఆ కంప్యూటరు లెక్కే మారితే ఏమవుతుంది? దానికో పాత కథ ఉంది.

అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగానికి కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఒక జలశాస్త్ర కేంద్రం ఉంది. అక్కడ 1960ల్లో తయారైన హెచ్‌ఈసీ-2 అనే ప్రోగ్రామ్ దశాబ్దాలపాటు వరద మట్టాలు లెక్కకట్టింది. 1995లో దాని స్థానంలో హెచ్‌ఈసీ-రాస్ వచ్చింది. మన దేశపు ఇంజనీర్లూ ఇప్పుడు దాన్ని వాడుతున్నారు.

అదే నది, అవే కొలతలు ఇచ్చినా రెండూ ఒకే మట్టం చెప్పలేదు. కారణం చిన్నదే. గట్టు దాటి పొలాల మీదికి పారే నీటిని పాతది సర్వే చేసిన ప్రతి బిందువు దగ్గరా ముక్కలు చేసి కూడేది. కొత్తది నేల గరుకుదనం మారిన చోట మాత్రమే విడగొడుతుంది. విస్తీర్ణం రెండింటిలోనూ ఒకటే. కానీ లోతు పెరిగినంత సూటిగా పారుదల పెరగదు కాబట్టి, ముక్కలు ఎక్కువైతే మోసే నీరు ఎక్కువగా తేలుతుంది. అందుకే కొత్త పద్ధతిలో మట్టం సాధారణంగా కాస్త పైకి వస్తుంది.

ఆ కేంద్రం వాళ్లు దీన్ని దాచిపెట్టలేదు (మాకు నచ్చింది ఇదే). 97 నదీ నమూనాల్లో 2048 చోట్ల రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూశారు. 94 శాతం చోట్ల తేడా 0.4 అడుగు లోపే. ఒక్కచోట మాత్రం 2.75 అడుగులు. మన ఇళ్లలో అంటే గడప దాటి మంచం మునిగేంత!

అప్పుడు వాళ్లు పాత లెక్కలను కొట్టిపారేయలేదు. కొత్త ప్రోగ్రామ్‌లోనే పాత పద్ధతిని కూడా ఉంచారు. దాన్ని ఎంచుకుంటే దాదాపు అన్ని చోట్లా పాత మట్టమే వస్తుంది. ఇది ఎందుకు అవసరమంటే, వంతెన కట్టకముందు లెక్క పాతదాంట్లో, కట్టాక లెక్క కొత్తదాంట్లో చేస్తే, పెరిగిన అడుగు వంతెనదో ప్రోగ్రామ్‌దో ఎవరు చెప్పగలరు?

కాబట్టి రేపు ఎవరైనా వరద మ్యాపు తెచ్చి ‘మీ ఇల్లు గీతకు లోపల ఉంది’ అంటే ఏ ప్రోగ్రామ్, ఏ వెర్షన్, ఏ పద్ధతి అని అడుగుదాం. 2009 నాటి గుర్తులతో సరిచూశారా అని కూడా అడుగుదాం.

ఆ గుర్తులు మన దగ్గరే ఉన్నాయి. నది ఒడ్డు ఊళ్లలో గోడ మీద బురద గీత ఎక్కడిదాకా వచ్చిందో గుర్తున్నవాళ్లు, గడప నుంచి ఎన్ని అడుగులో టేపుతో కొలిచి ఈ పోస్టు కింద రాయండి. ఇంటివాళ్ల పేర్లు వద్దు, ఊరు పేరు చాలు.