మారని స్ట్రోక్, పెరిగిన బోర్: ఒక చిన్న కారు ఇంజను విస్తరణ చరిత్ర

వ్యాససంగ్రహం:
ఇంగ్లండులోని కొవెంట్రీ కేంద్రంగా పనిచేసిన స్టాండర్డ్ సంస్థ 1953లో 803 సి.సి. ఇంజనుతో ఒక చిన్న కారును విడుదల చేసింది. పిస్టన్ నడిచే దూరం మారకుండా, సిలిండరు వ్యాసం మాత్రమే పెరుగుతూ ఆ ఇంజను 1965 నాటికి 1296 సి.సి.కి చేరింది. ఈ విస్తరణకు మొదట పన్ను చట్టం, తరువాత పోత ఇనుము హద్దులు విధించాయని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బోర్, స్ట్రోక్, స్టాండర్డ్ ఎయిట్, ట్రయంఫ్ హెరాల్డ్, వండలూరు.

1. ఉపోద్ఘాతం:
ఇంజను ఘనపరిమాణాన్ని పెంచడానికి రెండు మార్గాలున్నాయి. పిస్టన్ నడిచే దూరాన్ని, అంటే స్ట్రోక్‌ను పెంచడం ఒకటి. సిలిండరు లోపలి వ్యాసాన్ని, అంటే బోర్‌ను పెంచడం రెండవది. మొదటిదానికి కొత్త క్రాంక్‌షాఫ్ట్ అవసరం. రెండవదానికి సిలిండరును తొలిచి పెద్ద పిస్టన్ అమర్చితే సరిపోతుందన్న అభిప్రాయం సాధారణంగా వినిపిస్తుంది. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడానికి స్టాండర్డ్ ఇంజను కొలతలు చక్కని ఆధారం.

1953, స్టాండర్డ్ ఎయిట్: బోర్ 58 మి.మీ., 803 సి.సి.
1954, స్టాండర్డ్ టెన్: బోర్ 63 మి.మీ., 948 సి.సి.
1961, ట్రయంఫ్ హెరాల్డ్ 1200: బోర్ 69.3 మి.మీ., 1147 సి.సి.
1965, ట్రయంఫ్ 1300: బోర్ 73.7 మి.మీ., 1296 సి.సి.

ఈ నాలుగింటిలోనూ స్ట్రోక్ 76 మి.మీ. మాత్రమే. వ్యాసం 27 శాతం పెరిగితే ఘనపరిమాణం 61 శాతం పెరిగింది. వృత్త వైశాల్యం వ్యాసం వర్గాన్ని అనుసరించి పెరగడమే దీనికి కారణం.

2. మొదటి హద్దు – పన్ను చట్టం:
ఇంత లాభసాటి మార్గాన్ని బ్రిటిష్ తయారీదారులు అంతకుముందు ఎందుకు విరివిగా అనుసరించలేదు? దీనికి సమాధానం యంత్రశాస్త్రంలో కంటే పన్ను విధానంలోనే ఎక్కువగా లభిస్తుంది. 1921 నుంచి బ్రిటన్‌లో కారు పన్నును హార్స్‌పవర్‌కు ఏడాదికి ఒక పౌను చొప్పున విధించారు. ఆ హార్స్‌పవర్ ఇంజను నిజంగా ఇచ్చే శక్తి కాదు. అంగుళాలలో బోర్‌ను వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగిస్తే వచ్చే అంకె అది. ఆ సూత్రంలో స్ట్రోక్‌కు స్థానమే లేదు. కాబట్టి సన్నని సిలిండరు, పొడవైన స్ట్రోక్ బ్రిటిష్ ఇంజన్ల సాధారణ లక్షణమయ్యాయి. 1947 నుంచి కొత్త కార్లకు ఈ లెక్క రద్దయింది. మరుసటి ఏడాది ఏకరీతి పన్ను అమలులోకి వచ్చింది.

చట్టం పోయినా దాని జాడ పేర్లలో మిగిలింది. పై సూత్రం ప్రకారం 58 మి.మీ. బోర్‌కు 8.3, 63 మి.మీ. బోర్‌కు 9.8 హార్స్‌పవర్ వస్తాయి. 'ఎయిట్', 'టెన్' అన్న పేర్లు ఈ పాత తరగతులకు సరిగ్గా సరిపోతున్నాయి. ఆ తరువాతి '1200', '1300' పేర్లు ఘనపరిమాణాన్ని సూచిస్తాయి. పేరు పన్ను లెక్క నుంచి సి.సి.కి మారడం బోర్‌కు లభించిన స్వేచ్ఛకు భాషాపరమైన సాక్ష్యం.

3. రెండవ హద్దు – లోహం:
చట్టం అడ్డు తొలగిన తరువాత లోహం అడ్డు నిలిచింది. 63 నుంచి 69.3 మి.మీ.కి చేరాలంటే సిలిండరు గోడ ప్రతి వైపునా 3.15 మి.మీ. లోహాన్ని కోల్పోవాలి. తయారైన బ్లాకును తొలిచి ఇంత సాధించడం ఆచరణలో సాధ్యం కాదు. గోడ పలుచబడితే వేడికి వంకరపోతుంది. పక్కపక్క సిలిండర్ల నడుమ స్థలం తగ్గితే హెడ్ గ్యాస్కెట్ నిలవదు. అందువల్ల కర్మాగారం చేసే విస్తరణ తొలచడంతో కాక, పోత అచ్చును మార్చడంతో మొదలవుతుంది.

ఇదే కాలపు ఆస్టిన్ ఇంజనుతో పోలిస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. అదీ 1951లో దాదాపు అవే కొలతలతో, 803 సి.సి.తో పుట్టింది. 1956లో స్ట్రోక్ మారకుండానే 948 సి.సి. అయింది. అందుకోసం సిలిండర్లను జంటలుగా కలిపివేసి, వాటి నడుమ నీటి దారిని వదులుకున్నారు. 1963 నాటి మినీ కూపర్ ఎస్‌లో బోర్‌ను 70.6 మి.మీ.కి పెంచడానికి చివరి రెండు సిలిండర్లను బయటికి, నడిమి రెండింటిని దగ్గరికి జరిపారు. ఆ ఇంజను 2000 అక్టోబరులో మినీ ఉత్పత్తి ముగిసేవరకు కొనసాగినా, కర్మాగారం ఆ బోర్‌ను దాటలేదు. ప్రతి మెట్టుకూ బ్లాకులోని నీటి దారో, సమదూరమో మూల్యంగా చెల్లించవలసి వచ్చింది.

స్టాండర్డ్ ఇంజను విషయంలోనూ 73.7 మి.మీ. వద్ద బోర్ ఆగింది. 1970లో ట్రయంఫ్ 1500 కోసం స్ట్రోక్‌ను 87.5 మి.మీ.కి పెంచి 1493 సి.సి. సాధించారు. అలనాడు పన్ను కారణంగా పొడవైన స్ట్రోక్‌ను ఆశ్రయించిన పరిశ్రమ, ఈసారి లోహం చాలక అదే దారి పట్టింది. ఈ రెండు సంస్థలూ 1968లో బ్రిటిష్ లేలాండ్‌లో భాగమయ్యాయి. 1974లో ఎం.జి. మిడ్జెట్ కారుకు 1275 సి.సి. ఆస్టిన్ ఇంజను స్థానంలో ఈ 1493 సి.సి. ఇంజనునే అమర్చారు.

4. వండలూరు అనుభవం:
ఈ చరిత్రకు దక్షిణ భారతంతో ప్రత్యక్ష సంబంధం ఉంది. మద్రాసు సమీపంలోని వండలూరులో 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ తయారైంది. ఆ ఏడాదే ఇంగ్లండులో హెరాల్డ్ 1147 సి.సి.కి మారగా, మన హెరాల్డ్ 948 సి.సి. దగ్గరే ఉండిపోయింది. 1972లో వచ్చిన గాజెల్ కారుకూ అదే ఇంజను.

ఇక్కడ బోరింగ్ అన్న మాట మరమ్మతు షెడ్డులో వినిపించే మాట. అరిగిన సిలిండరును గుండ్రంగా తొలిచి, అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన 20, 40, 60 చొప్పున పెద్దవైన పిస్టన్లు వేయడం దాని అర్థం. 63 మి.మీ. బోర్‌ను 60 వెయ్యోవంతులు పెంచినా ఘనపరిమాణం సుమారు 994 సి.సి. మాత్రమే అవుతుంది. 1147 సి.సి.కి అది చాలా దూరం. అరుగుదలను సవరించే రీబోరింగ్, పోత అచ్చు మార్చి చేసే విస్తరణ ఒకే పేరుతో పిలవబడుతున్నా, రెండూ వేర్వేరు చర్యలని ఈ అంకెలే నిర్ధారిస్తున్నాయి.

5. ముగింపు:
ఘనపరిమాణం పెరుగుదలను నిరంతర ప్రగతిగా చిత్రించడం వాహనచరిత్ర రచనలో పరిపాటి. పై పరిశీలన దానిని సవరించవలసిన అవసరాన్ని చూపుతోంది. ప్రతి విస్తరణా తొలి రూపకర్తలు బ్లాకులో మిగిల్చిన స్థలాన్ని కొంత ఖర్చు చేయడమే. ఎంత ఖర్చు చేయవచ్చో లోహం నిర్ణయించింది. ఎప్పుడు మొదలుపెట్టవచ్చో చట్టం నిర్ణయించింది. కనుక సాంకేతిక చరిత్ర పరిశోధకులు రూపకర్తల జీవితచరిత్రలతోపాటు పన్ను సూత్రాలను, కొలతల పట్టికలను కూడా ప్రాథమిక ఆధారాలుగా స్వీకరించడం అవసరం.