వృద్ధుల వంతు

ఢిల్లీ దక్షిణభాగమున నున్న సరోజినీ నగరము తొలుత వినయనగరమను పేరుగల పేటలోనిది. స్వాతంత్ర్యానంతరము కేంద్రప్రభుత్వోద్యోగులకై అది నిర్మింపబడెను. 1879లో హైదరాబాదున జన్మించిన సరోజినీ నాయుడి పేరు పిదప దానికి పెట్టిరి. ఇచ్చటి సర్కారు ఇండ్లకొక నియమము కలదు. ఉద్యోగి పదవి విరమించిన కొలది నెలలకే ఇల్లు విడువవలెను. కావున ఆ యిండ్లలోని ముసలివారు సాధారణముగా ఉద్యోగులు కారు; ఊరిలో పొలము నెవరికో అప్పగించి కొడుకు వెంటనో కూతురు వెంటనో వచ్చిన తల్లిదండ్రులు. ఇల్లు వారిది కాదు, తరచుగా ఊరి భాషయు వారిది కాదు.

మన దేశమున టీకాల చరిత్రయందు ఇట్టివారికి చోటు స్వల్పము. 1802 జూన్ 14న బొంబాయిలో తొలి మశూచికపు టీకా పొందిన ఆనా డస్ట్‌హాల్ మూడేండ్ల పసిపాప. 1962లో ఆరంభమైన మశూచిక నిర్మూలన కార్యక్రమము అన్ని వయసులవారిని తాకినమాట నిజమే. కాని 1978 నాటి విస్తృత కార్యక్రమమును, 1985 నాటి సార్వత్రిక కార్యక్రమమును ప్రధానముగా శిశువులకును గర్భవతులకును ఉద్దేశింపబడినవి. వృద్ధునికి సూది యనగా జబ్బుపడినపిదప వైద్యుడు పొడుచునదే గాని, జబ్బు రాకమునుపు ప్రభుత్వము పిలిచి వేయునది కాదు.

2021లో ఈ వరుస తలక్రిందులయ్యెను. జనవరి 16న వైద్యసిబ్బందితో మొదలైన కోవిడ్ టీకా, మార్చి 1 నుండి 60 ఏండ్లు నిండినవారికిని, దీర్ఘవ్యాధులుగల 45 ఏండ్లు దాటినవారికిని లభించెను. మనుమడు ఫోనులో పేరు నమోదుచేయగా, సూదికి తాతయే ముందు నిలిచెను. పూనా నుండి కోవిషీల్డు, హైదరాబాదు నుండి కోవాక్సిన్ వచ్చుచుండెను. అయినను కాలము చాలలేదు. మార్చిలో తొలి మోతాదు పొందిన వారనేకులు రెండవదానికై ఎదురుచూచుచుండగనే ఏప్రిలు ఉప్పెన వచ్చిపడెను. సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి సరోజినీ నగరమునకు కూతవేటు దూరము. కాని నగరమంతయు పడకలకును ప్రాణవాయువునకును అంగలార్చిన ఆ వారములలో, ఆసుపత్రి చెంతనుండుటకును అందు చోటు దొరకుటకును సంబంధము లేకపోయెను.

టీకా ఏమి చేసెను? వయసు మళ్లినకొలది దేహరక్షణశక్తి మందగించును. అందుచే సోకును ఆపుటకంటె మరణమును తప్పించుటయందే దాని ప్రయోజనము మిక్కిలిగా కానవచ్చెను. తమిళనాడు పోలీసుల విషయమున జరిగిన పరిశీలనలో ఒక మోతాదు మరణమును 82 శాతము, రెండు మోతాదులు 95 శాతము నివారించినట్లు తేలెను. పోలీసులు తాతలు కారనుట వేరుమాట. వృద్ధుల సంగతి ఐరోపా లెక్కలలో స్పష్టము: అచ్చట టీకాలవలన 14 లక్షలకు మించిన ప్రాణములు నిలిచెననియు, వారిలో అత్యధికులు 60 ఏండ్లు దాటినవారనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024లో తెలిపెను. ఆ రక్ష శాశ్వతము కాదు. కనుకనే 2022 జనవరి 10 నుండి దీర్ఘవ్యాధులుగల వృద్ధులకును, మార్చి 16 నుండి 60 దాటిన వారందరికిని ముందుజాగ్రత్త మోతాదు నిచ్చిరి.

తరువాత ఉత్సాహము చల్లారెను. సరోజినీ నగరములోని పాత ఇండ్లు పునర్నిర్మాణమునకై అనేకము కూలగొట్టబడినవి. అందలి కుటుంబములు తలకొక దిక్కున చేరినవి. శీతకాలమున వృద్ధులను పీడించు ఇన్‌ఫ్లుయెంజాకు టీకా కలదు గాని, సార్వత్రిక కార్యక్రమమున అది చేరలేదు. కొనగల కుమారుడున్న తండ్రి దానిని వేయించుకొనుచున్నాడు.