అంకణం నుంచి చదరపు అడుగు దాకా: మిర్యాలగూడ ప్రాంతంలో ఇంటి కొలతల చరిత్ర

ఉపోద్ఘాతం

మిర్యాలగూడలో ఎవరినైనా ఇల్లు ఎంత పెద్దదని అడిగితే, 'రెండు వందల గజాలు' అన్నటువంటి జవాబే తరచుగా వస్తుంది. ఆ జవాబులో ఇల్లు లేదు, ఇల్లు నిలిచిన జాగ మాత్రమే ఉంది. ఆ జాగలో రెండు గదుల రేకుల ఇల్లు ఉండవచ్చు, మూడంతస్తుల మేడా ఉండవచ్చు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబం ఇదే ప్రశ్నకు చదరపు అడుగుల్లో బదులిస్తుంది. అక్కడ ఆ అంకె కట్టడానిది, స్థలం లెక్క వేరు. రెండు జవాబులూ ఇంటి పరిమాణం గురించే అయినా, కొలిచిన వస్తువులు వేరు.

ప్రమాణం మారినప్పుడు అంకె ఒక్కటే మారదు, కొలవబడే వస్తువు కూడా మారుతుంది. ఈ ప్రతిపాదనను మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నిజాం రాజ్యపు కొలతా మద్రాసు కొలతా ఎదురుపడిన ప్రాంతం కావడమే ఈ ఎంపికకు కారణం.

దూలం, అర్ర, ఆయం

తెలుగులో ఇంటి పరిమాణాన్ని చెప్పిన పాత మాటల్లో 'అంకణం' ముఖ్యమైనది. రెండు దూలాల నడుమ, లేదా రెండు స్తంభాల నడుమ ఉండే చోటు అని దానికి నిఘంటువులు చెప్పే అర్థం. అంటే ఇది మొదట వైశాల్యం కాదు, నిర్మాణ భాగం. దొరికిన కలప ఎంత పొడవుంటే అంకణం అంత. ఐదంకణాల ఇల్లు అన్నప్పుడు శ్రోతకు తెలిసేది చదరం కాదు, ఆ ఇంటికి ఎన్ని దూలాలు ఎత్తగలిగారన్నది. తరువాతి కాలంలో ఇదే మాట స్థలపు కొలతగా గట్టిపడింది. నేటికీ నెల్లూరు ప్రాంతంలో ఇళ్ల స్థలాలను అంకణాల్లో అమ్ముతారు. అక్కడ అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ఒకే మాటకు రెండు విలువలుండటం చూసి పాతకాలపు కొలతల్లో కచ్చితత్వం లేదని తేల్చేయడం తొందరపాటు. అంకణం దూలాన్ని నమ్ముకున్న కొలత. దూలం మారిన చోట అదీ మారింది.

తెలంగాణ పల్లెల్లో లెక్క అర్రలది. 'రెండర్రల ఇల్లు', 'మూడర్రల ఇల్లు' అన్న వ్యవహారంలో గది చిన్నదా పెద్దదా అన్న పట్టింపు లేదు. ఎంతమంది వేరు వేరుగా పడుకోగలరు, ధాన్యం ఎక్కడ పోయాలి అన్నవే అందులోని అసలు ప్రశ్నలు. భారత జనగణన కూడా ఇళ్లను అర్రల లెక్కనే చూసింది. గది అనిపించుకోవడానికి అది పెట్టిన కనీస కొలత 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. మనిషి నడుము వాల్చగలగడమే దాని ఆధారం.

వాస్తు లెక్కది మరొక దారి. పొడవు వెడల్పులను గజాల్లో గుణించి, వచ్చిన ఫలాన్ని తొమ్మిదితో హెచ్చించి, ఎనిమిదితో భాగించి, మిగిలిన శేషాన్ని బట్టి ధ్వజ, ధూమ, సింహ, శ్వాన, వృషభ, ఖర, గజ, కాక అనే ఎనిమిది ఆయాల్లో ఒకటి నిర్ణయించడం ప్రచారంలో ఉన్న పద్ధతి. బేసి శేషం శుభమంటారు. (పూర్ణాంకాల్లో తొమ్మిదితో హెచ్చించినా హెచ్చించకపోయినా ఎనిమిదితో భాగిస్తే వచ్చే శేషం ఒక్కటే. ఆ హెచ్చింపు ఎందుకు నిలిచిందన్నది గణిత చరిత్రకారులు చూడవలసిన విషయం.) ఇక్కడ వైశాల్యం ఎంతన్నది అసలు ప్రశ్నే కాదు. చిన్న ఇంటికీ పెద్ద ఇంటికీ ఒకే ఆయం రావచ్చు. పరిమాణాన్ని కొలిచి, ఆ పరిమాణాన్నే పక్కన పెట్టే కొలత ఇది.

రెండు గొలుసుల కూడలి

1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఆంగ్ల గణితజ్ఞుడు 66 అడుగుల పొడవు, 100 లంకెలు గల సర్వే గొలుసును ప్రచారంలోకి తెచ్చాడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మద్రాసు రాజధానిలో ఎకరాన్ని నూరు భాగాలు చేయగా వచ్చినది సెంటు: 435.6 చదరపు అడుగులు, అంటే 48.4 చదరపు గజాలు. బొంబాయి సర్వే విభాగం అందులో సగమైన 33 అడుగుల గొలుసును వాడింది. ఆ గొలుసు చదరం గుంట: 1,089 చదరపు అడుగులు, 121 చదరపు గజాలు. నలభై గుంటలు ఒక ఎకరం. మొదటి సాలార్‌జంగ్ రెవెన్యూ సంస్కరణల క్రమంలో హైదరాబాదు రాజ్యం సర్వేకు బొంబాయి పద్ధతిని ఆదర్శంగా తీసుకుంది. తెలంగాణకు గుంట ఆ దారిన వచ్చింది. తెలంగాణది గుంట, ఆంధ్రది సెంటు అని మనం సహజ భేదంగా భావించే దాని వెనుక ఉన్నవి రెండు సర్వే కార్యాలయాలు, ఒకే గొలుసు.

ఈ భేదం కృష్ణానదిని సరిహద్దుగా పెట్టుకుని శుభ్రంగా విడిపోలేదు. సూర్యాపేటకూ కోదాడకూ నడుమనున్న మునగాల పరగణా చుట్టూ నిజాం గ్రామాలుండగా మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీగా ఉండేది. కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసిన సంస్థానంగా, రాజా నాయని వెంకటరంగారావు పేరుతో సాహిత్య విద్యార్థులకు ఇది పరిచితమే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత పరగణా నల్లగొండ జిల్లాలో కలిసింది. నాలుగు మైళ్లు నడిస్తే కచేరీ మారి, కాగితం భాష మారే ప్రాంతంలో కొలత మాటలు కలగలిసిపోవడం ఆశ్చర్యం కాదు.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఈ కలయిక మరింత చిక్కబడింది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూములు వరి మాగాణులయ్యాయి. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతు కుటుంబాలు సెంటును వెంట తెచ్చుకున్నాయి. అమ్మేవారి నోట గుంట, కొనేవారి నోట సెంటు. రెండున్నర సెంట్లు ఒక గుంట గనుక పొలం బేరం తెగేది. ఇంటి స్థలం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ తెలిసిన మూడో మాట అవసరమైంది. అప్పటికే హైదరాబాదు వ్యవహారంలో ఉన్న, పారసీ మూలమున్న 'గజం' ఆ పాత్ర పోషించిందని నా అభిప్రాయం. చదరపు అన్న విశేషణం కూడా రాలిపోయి, గజమే వైశాల్యమైంది. 30 అడుగులకు 40 అడుగుల స్థలం సుమారు 133 గజాలు, 1.1 గుంటలు, 2.75 సెంట్లు, నెల్లూరులోనైతే పదహారున్నర అంకణాలకు కొంచెం ఎక్కువ. 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం దేశానికి మెట్రిక్ పద్ధతిని ఇచ్చింది. దస్తావేజుల్లో చదరపు మీటర్లు చేరాయి, బేరాల్లో మాత్రం చేరలేదు.

దస్తావేజు నమ్మకం అంకె మీద కంటే చెక్కుబందీ మీద ఎక్కువ. నాలుగు దిక్కులా ఎవరున్నారో రాసిన హద్దుకూ రాసిన వైశాల్యానికీ తేడా వస్తే, సాధారణంగా హద్దులకే ఎక్కువ విలువనివ్వడం న్యాయస్థానాల్లో స్థిరపడిన సూత్రం. స్థలాన్ని పొరుగువారితో కొలిచే ఈ పద్ధతి ఏ గొలుసుకూ పూర్తిగా లొంగలేదు.

ఇతర దేశాల లెక్కలు

అంకణానికి దగ్గరి బంధువు జపాన్‌లో కనిపిస్తుంది. అక్కడి 'కెన్' కూడా స్తంభాల నడుమ దూరమే. ఒక కెన్ చదరం ఒక 'త్సుబో', సుమారు 3.3 చదరపు మీటర్లు, రెండు తాతామి చాపలు పరిచే చోటు. క్యోటో చాప ఎదో చాప కంటే పెద్దది గనుక 'ఆరు చాపల గది' ఊరిని బట్టి మారుతుంది. మన నెల్లూరు, తిరుపతి అంకణాల కథే ఇది. తేడా ఏమిటంటే, అక్కడి స్థిరాస్తి ప్రకటనల నియమావళి చాపను 1.62 చదరపు మీటర్లకు తగ్గకుండా లెక్కించాలని చెప్పింది. ప్రజల మాటను తుడిచివేయకుండా దానికి కనీస విలువను కట్టింది. కొరియా 2007లో తన 'ప్యాంగ్'ను వ్యాపార వ్యవహారం నుంచి తొలగించే మార్గం ఎంచుకుంది.

ఐరోపాలో వివాదం మాట గురించి కాదు, దేన్ని లెక్కలోకి తీసుకోవాలన్నదాని గురించి. ఫ్రాన్సులో 1996 నాటి కారే చట్టం ప్రకారం 1.80 మీటర్ల కంటే తక్కువ ఎత్తున్న చోటు అపార్ట్‌మెంటు వైశాల్యంలోకి రాదు. చెప్పినదాని కంటే ఇరవయ్యో వంతుకు మించి తగ్గితే కొన్నవారు ధర తగ్గింపు కోరవచ్చు. జర్మనీలో ఒకటి నుంచి రెండు మీటర్ల ఎత్తున్న చోటు సగమే లెక్క. అమెరికాలో విడి ఇళ్లను బయటి గోడ అంచు నుంచి కొలిచే ప్రమాణం ఉంది. అంటే గోడ మందం కూడా ఇంట్లో భాగమే.

గోడ ఎవరి లెక్కలోది?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు, కొలత పేరు చెప్పకపోవడం వల్ల కనిపించదు. మేస్త్రీ కూలి మాట్లాడేది స్లాబు మీద. అందులో గోడలూ సజ్జలూ ఎంత మేరకు కలుస్తాయన్నదే అసలు బేరం. 2016 నాటి స్థిరాస్తి చట్టం నిర్వచించిన కార్పెట్ ఏరియాలో బయటి గోడలు చేరవు, లోపలి అడ్డుగోడలు చేరతాయి. బాల్కనీ చేరదు. అయితే ఆ చట్టం కింద నమోదు 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది అపార్ట్‌మెంట్లు దాటిన ప్రాజెక్టులకే తప్పనిసరి. సొంత జాగలో సొంతంగా కట్టుకునే ఇళ్లే ఎక్కువగా ఉన్న మిర్యాలగూడ వంటి పట్టణాన్ని అది అంతగా తాకదు.

తాకేవి ప్రభుత్వ గృహ పథకాలు. తెలంగాణ రెండు పడకగదుల ఇల్లు 560 చదరపు అడుగులు. ఇందిరమ్మ ఇంటికి 2024లో కనీసం 400 అన్నారు, తరువాత 600 పరిమితి వచ్చింది. నదికి ఆవల ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పంచినది పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. కాలువ కింది ఊళ్లలో బంధుత్వాలు నదికి రెండు వైపులా ఉన్నందున ఈ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం సహజంగా జరుగుతుంది. కానీ 560 కట్టడం, సెంటు స్థలం. 435కూ 560కీ మధ్య తేడా తీసి ఒకటి రెండోదాని కంటే చిన్నదనడం అర్రలను దూలాలతో పోల్చడం వంటిదే.

ఒక చిన్న లెక్క. బయటి అంచుల నుంచి 20 అడుగులకు 28 అడుగుల ఇల్లు 560 చదరపు అడుగులు. బయటి గోడ తొమ్మిది అంగుళాలైతే లోపల మిగిలేది 490. గోడకు పోయినది ఎనిమిదో వంతు. 20కి 20 ఇల్లు 400, లోపల 342. గోడ వాటా ఏడో వంతు దాటింది. 40కి 60 ఇల్లు 2,400, లోపల 2,252. ఇక్కడ గోడకు పోయినది పదహారో వంతే. ఇల్లు చిన్నదయ్యేకొద్దీ గోడ ఎక్కువ తింటుంది. కొలత బయటినుంచా లోపలినుంచా అన్న ప్రశ్న సంపన్నుడి ఇంట్లో మూలకు పోయే విషయం, పేదవాడి ఇంట్లో వంటగదంత విషయం. కేంద్ర పట్టణ ఆవాస పథకం 30 చదరపు మీటర్లను కార్పెట్ ఏరియాగా పేర్కొన్నది. అంకె పక్కన ఆ ఒక్క మాట ఉండటం వల్ల లబ్ధిదారునికి దక్కే చోటు తేలుతుంది.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాల వరుసలో వ్యవసాయ పదాలు 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి, గృహనిర్మాణ పదాలు 1968లో బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వంలో వెలువడ్డాయి. అప్పటికి సాగర్ నీళ్లు పారి ఏడాది. స్లాబు, ప్లింతు, కార్పెట్ ఏరియా, పోర్టికో వంటి మాటలతో మేస్త్రీలు, సెంట్రింగ్ పనివారు, దస్తావేజు లేఖరులు నేడు చేస్తున్న వ్యవహారం ఆ సేకరణల తరువాతిది. సాగర్ ఆయకట్టులో ఈ మాటల సేకరణ ఇప్పుడు మొదలుపెడితే, అంకణాల్లోనూ అర్రల్లోనూ ఇల్లు చెప్పిన తరం ఇంకా మాట్లాడటానికి ఉంది.