39 పేర్ల జాబితా

మన బడుల్లో చాలాచోట్ల ఆఫీసు గది గోడ మీద ఒక ఉత్తరం వేలాడుతూ ఉంటుంది. అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ తన కొడుకుకు చదువు చెప్పే పంతులుకు రాశాడని కింద ఉంటుంది. దాన్ని ఆయన రాశాడనడానికి ఆధారం ఏమీ లేదు. 1862 డిసెంబరు 6న ఆయన నిజంగా తన చేత్తో రాసిన కాగితం ఒకటి ఉంది. మిన్నెసోటా రాష్ట్రంలో దాన్ని దాచి ఉంచారు. అందులో 39 మంది డకోటా ఆదివాసుల పేర్లు, ఒక్కో పేరు పక్కన కేసు నెంబరు ఉన్నాయి. వాళ్లను ఉరి తీయమని ఉత్తర్వు.

ఆ నెల 26న మాంకేటో ఊళ్లో 38 మందిని ఒకే ఉరికంబం మీద, ఒకేసారి ఉరి తీశారు. ఒకే రోజున అంతమందిని ఉరి తీయడం అమెరికా చరిత్రలో అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. సరిగ్గా ఆరు రోజులకు, 1863 జనవరి 1న, ఆయనే బానిసల విముక్తి ప్రకటన మీద సంతకం చేశాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ రెండో కాగితమే ఉంటుంది. మొదటిది కూడా మన పిల్లలకు తెలియాలని మా ఉద్దేశం.

డకోటాలను బయటివాళ్లు 'సూ' అని పిలిచేవారు. మిన్నెసోటా నది వెంట వాళ్ల ఊళ్లు, వేట నేలలు ఉండేవి. 1851లో రెండు ఒప్పందాల మీద వాళ్ల పెద్దల చేత గుర్తులు పెట్టించి, సుమారు 2 కోట్ల 40 లక్షల ఎకరాలు తీసుకున్నారు. ఒప్పందం పూర్తయ్యాక పక్కనే ఇంకో కాగితం పెట్టి దాని మీదా గుర్తులు వేయించారు. అది ఒప్పందానికి నకలు అనుకున్నామని పెద్దలు తర్వాత చెప్పారు. నిజానికి అది వర్తకుల బాకీల కాగితం. భూమికి రావలసిన సొమ్ములో పెద్ద వాటా ముందు వర్తకులకే చెల్లించాలని అందులో ఉంది. వేలిముద్ర వేసి ఇంటికి వచ్చాక అది దేని మీద వేశామో తెలుసుకున్న తాతలు మన గూడేల్లోనూ ఉన్నారు కాబట్టి దీన్ని ఎక్కువ వివరించనక్కర్లేదు.

చివరికి వాళ్లకు నది పక్కన ఒక సన్నటి పట్టీ మిగిలింది. 1858లో అందులోనూ ఉత్తరపు సగం పోయింది. ఆ పట్టీలో ప్రభుత్వ ఏజెంటు ఉండే చోటును 'ఏజెన్సీ' అనేవారు. ఆ మాట మనకు కొత్త కాదు. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్లో కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా పెట్టినప్పటి నుంచి మన ప్రాంతాలకూ అదే పేరు. సముద్రాలకు ఇవతలా అవతలా ఆదివాసి ఉండే నేలకు దొరలు పెట్టిన పేరు ఒకటే.

భూమి సొమ్ము ఏటా కొంత కొంత ఇస్తామన్నారు. 1862లో అంతర్యుద్ధం సాగుతోంది. ఆ సొమ్ము వేసవిలో రావాలి, రాలేదు. అంతకు ముందు ఏడు పంట పోయింది. ఏజెన్సీ గిడ్డంగిలో తిండి ఉంది గాని సొమ్ము వచ్చేదాకా సరిగా ఇవ్వరు. షావుకార్లు అప్పు ఆపేశారు. ఆకలైతే గడ్డి తినమనండి అని మైరిక్ అనే వర్తకుడు అన్నాడని చెబుతారు. ఆగస్టు 17న ఆక్టన్ దగ్గర నలుగురు కుర్రవాళ్లు ఐదుగురు తెల్లవాళ్లను చంపారు. ఆ రాత్రి పెద్దలు టావోయాతేదూత ఇంటి దగ్గర చేరారు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆయన పేరు లిటిల్ క్రో. ఈ యుద్ధం గెలవలేమని తెలిసీ ఆయన ఒప్పుకున్నాడు. మర్నాడు ఏజెన్సీ మీద దాడి జరిగింది. ఆగిపోయిన సొమ్ము, 71 వేల డాలర్ల బంగారం, ఆ రోజే రిడ్జ్‌లీ కోటకు చేరింది. ఒక్క రోజు ఆలస్యం.

ఆరు వారాల్లోపే యుద్ధం ముగిసింది. వందల మంది తెల్ల రైతులు చనిపోయారు. వాళ్లలో ఆడవాళ్లు, పసిపిల్లలు ఉన్నారు. దీన్ని దాచిపెట్టి చరిత్ర చెప్పడం మాకు ఇష్టం లేదు. ఆ చంపడాలకు దూరంగా ఉన్న డకోటాలు, బందీలను కాపాడిన డకోటాలు కూడా చాలామంది ఉన్నారు. అసలు నేరాలు చేసినవాళ్లలో చాలామంది పడమటికి పారిపోయారు. తప్పు చేయలేదు కదా, మనకేం భయం అనుకున్నవాళ్లు ఉండిపోయి లొంగిపోయారు. కొందరిని సొమ్ము పంచడానికి లెక్క రాసుకుంటామని పిలిచి, తుపాకులు తీసుకుని, సంకెళ్లు వేశారు.

సైన్యాన్ని నడిపినవాడు హెన్రీ సిబ్లీ. ఒకప్పుడు బొచ్చు తోళ్ల వర్తకుడు. 1851 బాకీల సొమ్ములో వాటా తీసుకున్నవాళ్లలో ఒకడు. తర్వాత రాష్ట్రానికి మొదటి గవర్నరు అయ్యాడు. సెప్టెంబరు 28న ఆయన ఐదుగురు సైనిక అధికారులతో విచారణ సంఘం వేశాడు. నిన్నటిదాకా డకోటాలతో యుద్ధం చేసిన సైన్యంలోని అధికారులే ఇవాళ న్యాయమూర్తులు. అయిదారు వారాల్లో 392 మందిని విచారించారు. ఒక్క రోజున 42 కేసులు తేల్చిన సందర్భం ఉంది. కొన్ని కేసులు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ముద్దాయికి వకీలు లేడు. మాటలు దుబాసీ ద్వారా నడిచాయి. 303 మందికి ఉరిశిక్ష వేశారు.

ఇంతమందికి శిక్ష వేయడానికి సాక్ష్యం ఎక్కడ దొరికింది? చాలా కేసుల్లో ముద్దాయి నోటి నుంచే దొరికింది. నేరం ఒప్పుకోవడం అనగానే మనకు కొట్టి ఒప్పించడం గుర్తొస్తుంది. ఇక్కడ పద్ధతి వేరు. రిడ్జ్‌లీ కోట దగ్గర ఉన్నావా, న్యూ ఉల్మ్ పోరులో ఉన్నావా, తుపాకి కాల్చావా అని అడిగారు. ఉన్నాను, రెండుసార్లు కాల్చాను, ఎవరికీ తగల్లేదు అని చెప్పారు. తాము యుద్ధం చేశామని, ఓడిపోయామని వాళ్లకు తెలుసు. యుద్ధంలో ఉన్నానని చెప్పడం వాళ్ల దృష్టిలో నేరం ఒప్పుకోవడం కాదు. సంఘం మాత్రం దాన్ని హత్యానేరం ఒప్పుకున్నట్టే రాసుకుంది. ఆ జవాబు వస్తే చాలు, ఇక సాక్షి అక్కర్లేదు, కేసు ముగిసినట్టే. నిజం చెప్పినవాడికే ఉరి పడింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. డకోటాలు వేరే జాతి కాబట్టే వాళ్లతో ఒప్పందాలు రాసుకున్నారు. వేరే జాతితో పోరాడితే అది యుద్ధం, పట్టుబడినవాడు యుద్ధఖైదీ. అదే ఏడు దక్షిణాది తిరుగుబాటు సైనికులు వేల మందిని చంపారు. తుపాకి కాల్చామన్నందుకు వాళ్లను ఎవరూ హంతకులుగా విచారించలేదు. భూమి తీసుకునేటప్పుడు డకోటా ఒక జాతి, ఉరి తీసేటప్పుడు ఒక హంతకుల గుంపు.

303 పేర్లు వాషింగ్టన్ చేరాయి. రాష్ట్ర గవర్నరు రామ్సే, జనరల్ పోప్ అందరినీ ఉరి తీయాల్సిందేనన్నారు. లేకపోతే జనమే చంపేస్తారని బెదిరింపులు వచ్చాయి. బిషప్ విపుల్ ఆ ఏజెన్సీ పాలనలోని అన్యాయాన్ని లింకన్‌కు చెప్పి, కనికరం చూపమన్నాడు. లింకన్ విచారణ కాగితాలన్నీ తెప్పించి ఇద్దరు వకీళ్లతో చదివించాడు. మొదట, ఆడవాళ్లను చెరిచినవాళ్లెవరో చూడమన్నాడు. ఇద్దరే తేలారు. అప్పుడు, పోరులో మాత్రమే ఉన్నవాళ్లను, ఊళ్ల మీద పడి చంపినవాళ్లను విడదీయమన్నాడు. మొత్తం 40 మంది తేలారు. అందులో గాడ్‌ఫ్రీ అనే నల్లజాతి రక్తం ఉన్న మనిషి, తోటివాళ్ల మీద 55 కేసుల్లో సాక్ష్యం చెప్పినందుకు పదేళ్ల జైలుతో బయటపడ్డాడు. మిగిలిన 39 పేర్లను లింకన్ రాశాడు. చివరి ఘడియలో ఇంకొకరికి ఉరి ఆపారు.

లింకన్ 264 మందిని కాపాడాడని కొందరంటారు. అదీ నిజమే. ఓట్లు పోతాయని తెలిసీ ఆ పని చేశాడు. కానీ అయిదు నిమిషాల విచారణ తప్పని గ్రహించినవాడు, అదే విచారణ రాసిన కాగితాలను నమ్మి 39 మందిని ఎంచుకున్నాడు. ఆయన దగ్గరున్న కాగితాలు అవే. వాటిలో ముద్దాయి తరఫు మాట దాదాపు లేదు.

చస్కా సంగతి చూస్తే ఆ కాగితాల విలువ తెలుస్తుంది. యుద్ధం మొదలైన రోజున శారా వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు భార్య ఇద్దరు పిల్లలతో బండిలో పారిపోతూ దొరికిపోయింది. బండి తోలుతున్నవాణ్ణి ఒక డకోటా కాల్చి చంపాడు. పక్కనే ఉన్న చస్కా ఆమెను, పిల్లలను చంపనివ్వలేదు. ఆరు వారాలు వాళ్లను తన ఇంటివాళ్ల మధ్య దాచి కాపాడాడు. విచారణలో అతను, ఆ బండివాడి మీదికి తానూ తుపాకి ఎత్తానని, కాల్చలేదని దాచకుండా చెప్పాడు. శారా వచ్చి అతని తరఫున సాక్ష్యం చెప్పింది. అయినా ఉరిశిక్ష వేశారు. ఆమె అతని ప్రియురాలని తెల్లవాళ్లు ఎగతాళి చేశారు.

లింకన్ జాబితాలో ఈ చస్కా లేడు. అతనిది 3వ నెంబరు కేసు. జాబితాలో ఉన్నది 121వ నెంబరు కేసులోని చస్కేడన్. డకోటాల్లో చస్కా అంటే మొదట పుట్టిన కొడుకు. ఏ ఊళ్లో చూసినా ఇంటికొక చస్కా ఉంటాడు. మన హాజరు పట్టీల్లో పుట్టిన వారాన్ని బట్టి సోమయ్యలు, బుద్రయ్యలు నలుగురేసి ఉన్నట్టే. మనం ఇంటిపేరుతోనో, తండ్రి పేరుతోనో వేరు చేసుకుంటాం. మాంకేటో జైల్లో చస్కా అని పిలిస్తే ఇతను పలికాడు. తీసుకుపోయి ఉరి తీశారు. పొరపాటు జరిగిందని రిగ్స్ అనే మిషనరీ శారాకు ఉత్తరం రాశాడు. ఆమె దాన్ని పొరపాటని నమ్మలేదు, తన పుస్తకంలో ఆ మాటే రాసింది. నెంబరు చూసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? మాకూ ఆమె అనుమానమే సబబనిపిస్తుంది.

ఉరికి ముందు ఖైదీలు తమ వాళ్లకు ఆఖరి మాటలు రాయించారు. హ్డాయిన్యాంకా అనే అతను తన మామ, వాబాషా అనే పెద్దకు రాయించాడు. సిబ్లీ మాట నమ్మి లొంగిపోతే అమాయకులకు ఏమీ కాదని నువ్వు చెప్పావు, నేను ఎవరినీ చంపలేదు, ఇవాళ ఉరికి పోతున్నాను అని దాని సారం. భార్యాబిడ్డలను మామకే అప్పగించాడు. ఉరికంబం మీద వాళ్లు పాడుతూ ఒకరి చెయ్యి ఒకరు అందుకోవడానికి చూశారని అక్కడున్నవాళ్లు రాశారు. వేల మంది జనం చూడటానికి వచ్చారు. తాడు నరికింది తన పిల్లలను యుద్ధంలో పోగొట్టుకున్న డూలీ అనే మనిషి. నది ఒడ్డు ఇసుకలో అందరినీ కలిపి పూడ్చారు. ఆ రాత్రే డాక్టర్లు శవాలను తవ్వుకుపోయారు, కోసి చదువుకోవడానికి. ఒక శవం మేయో అనే డాక్టరుకు చేరింది. ఆయన కొడుకులు పేరు తెచ్చిన ఆసుపత్రి అందుకు 2018లో డకోటాలకు క్షమాపణ చెప్పింది.

1863లో ఒప్పందాలన్నీ రద్దు చేసి డకోటాలను మిన్నెసోటా నుంచి వెళ్లగొట్టారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు కలిసి సుమారు 1,600 మందిని అంతకు ముందు చలికాలమంతా స్నెల్లింగ్ కోట కింద కంచె వేసి ఉంచారు. వంద మందికి పైగా అక్కడే పోయారు. అదే ఏడు జులైలో టావోయాతేదూత కొడుకుతో పళ్లు ఏరుకుంటుండగా ఒక రైతు కాల్చాడు. ఆయన ఎముకలను రాష్ట్ర చరిత్ర సంఘం దగ్గర ఉంచుకున్నారు. కుటుంబం చేతికి అవి వచ్చింది 1971లో. మాంకేటోలో 38 మందిని ఇక్కడ ఉరి తీశామని 1912లో గొప్పగా నిలబెట్టిన రాయిని తీసేసింది కూడా ఆ ఏడే. 2012లో అక్కడ 38 పేర్లతో కొత్త గుర్తు పెట్టారు.

ఉరి తప్పినవాళ్లను అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ దగ్గర జైల్లో పెట్టారు. 1866లో వదిలేలోగా వాళ్లలో వంద మందికి పైగా చనిపోయారు. ఆ జైలు కాలంలోనే చాలామంది తమ డకోటా భాషలో చదవడం, రాయడం నేర్చుకున్నారు. అక్కడి నుంచి వాళ్లు డకోటాలో రాసిన ఉత్తరాలు కొన్ని మిగిలాయి. ఇంటివాళ్లు ఎక్కడున్నారని, బతికున్నారా అని, తమను ఎప్పుడు వదులుతారని వాటిలో అడిగారు. వాటిని డకోటా పెద్దలే కూర్చుని ఇంగ్లీషులోకి తెచ్చి 2013లో పుస్తకంగా అచ్చు వేశారు. ఒక పక్క డకోటా, ఇంకో పక్క ఇంగ్లీషు.