జ్వరం 102, టైము రాత్రి 2

రేపల్లె. రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకు ఆగడం లేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మీ ఆవిడ థర్మామీటరు తీసి ట్యూబులైటు కింద పట్టుకుని చూస్తుంది. 102.

"ఈ మాత్ర వేసుకుని పడుకోండి. పొద్దున్నే ఆర్ఎంపీ గారిని పిలుద్దాం" అంటుంది.

మీరు మాత్ర కోసం చెయ్యి చాస్తారు. ఆగండి. బీరువాలో ఆ ప్లాస్టిక్ ఫైలుంది, ముందు అది తియ్యండి.

మొదటి కాగితం పోయినేడాదిది. మోకాలి ఆపరేషను కోసం తెనాలిలో రక్తం ఇస్తే తెల్లకణాలు 42,000 వచ్చాయి. ఉండాల్సింది 11,000 లోపు. స్లైడు మీద చితికిపోయిన కణాల మరకలు. ఆ తర్వాత ఫ్లో సైటోమెట్రీలో తేలింది: బి కణం ఒకటి తన నకళ్ళనే పుట్టించుకుంటూ పోతోంది. సీఎల్ఎల్ అన్నారు డాక్టరమ్మ. బ్లడ్ కాన్సరే, కానీ నిదానంగా నడిచే రకం. ఇప్పుడే మందులొద్దు, మూడు నెలలకోసారి కనిపించండి. కాన్సరని చెప్పి మందొద్దనే డాక్టర్లుంటారా అని మీరు ఇంటికొచ్చి గొణిగారు. ఉంటారు. ఏ బాధా లేని తొలిదశలో మందు మొదలెట్టినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదని పరీక్షల్లో తేలింది మరి.

రెండో కాగితం మీద గ్రాఫు. టి కణాలూ ఎక్కువున్నాయని చేయించింది. టి కణం ఒంటికి కాపలా. దాని మీదుండే రిసెప్టరే దాని కన్ను. థైమస్ గ్రంథిలో వీ, డీ, జే అనే జన్యు ముక్కలు తలోరకంగా అతుక్కుని ఈ రిసెప్టర్లు తయారవుతాయి. అందుకే ఒక్క మనిషి రక్తంలోనే లక్షల రకాలు. అన్ని రకాలూ ఉన్న గ్రాఫులో చిన్న గీతలు వరసగా లేచి, మధ్యలో ఎత్తై, మళ్ళీ దిగుతాయి. మీ గ్రాఫులో మూడు గీతలు మాత్రం నిటారుగా పైకి పొడుచుకొచ్చాయి. పక్కన 'క్లోనల్' అని రాసుంది. అది చూసి ఇంకో కాన్సరనుకుని మీరు ఆ రాత్రి నిద్రపోలేదు. అనవసరంగా! సీఎల్ఎల్ ఉన్నవాళ్ళలో కొన్ని టి కణాలు ఇలా గుంపులు కట్టడం మామూలే. బి కణాల రిసెప్టర్ల పోలిక ఒకటైన వేరువేరు రోగుల్లో ఒకే రకం టి రిసెప్టర్లను గ్రీసు పరిశోధకులు చూశారు. అంటే వాటిని రెచ్చగొడుతున్నది అందరిలోనూ ఒకటే కావచ్చు.

ఫోను మోగుతుంది. బాపట్ల నుంచి తమ్ముడు. "అన్నయ్యా, ఇక్కడికి వచ్చెయ్."

2022 నుంచి మీ జిల్లా కేంద్రం బాపట్లే. కానీ మీ రక్తం సంగతి తెలిసినవాళ్ళు తెనాలిలో ఉన్నారు. ఎటు?

తెనాలికే. పక్కింటి కుర్రాడు కారు తీస్తాడు.

భట్టిప్రోలు దాటారు. ఇంత హడావుడి దేనికి, టి కణాలు ఎక్కువే ఉన్నాయిగా అనిపిస్తోందా? ఊరి గస్తీవాళ్ళంతా ఒకే ఇంటి ముందు చేరితే మిగతా వీధులు ఎవరు చూస్తారు? పైగా వాళ్ళు అలిసిపోయి ఉన్నారు. మంచి బి కణాలు తగ్గి యాంటీబాడీలూ పలచబడ్డాయి. మీకొచ్చే న్యుమోనియా తెల్లారేదాకా ఆగదు.

వేమూరు. దగ్గు. ఊపిరి పూర్తిగా అందడం లేదు.

చేతులు చల్లబడ్డాయి.

"ఏవండీ! ఏవండీ, పలకండి!"

వినిపిస్తోంది. నోరు పెగలడం లేదు.

ఇంకెంత దూరం?

కాలవ. దీపాలు. తెనాలి.

స్ట్రెచర్. బీపీ 84. ఆక్సిజన్ 88. మాస్కు బిగిస్తారు. రెండు చేతులకీ సూదులు.

"ముందు కల్చర్‌కి రక్తం తియ్యండి. వెంటనే యాంటీబయాటిక్. ఆలస్యం చెయ్యొద్దు" అంటున్నాడు డ్యూటీ డాక్టరు. మందు పడితే రక్తంలో సూక్ష్మజీవి దొరకడం కష్టం, అందుకే ఆ వరస.

సెలైన్ జోరుగా పోతోంది. మీ ఆవిడ ఫైలు ఆయన చేతికిస్తుంది. గ్రాఫు కాగితం తిప్పేసి, బి కణాల రిపోర్టు దగ్గర ఆగి, మీ వైపు వంగుతాడు.

"న్యుమోనియా టీకా వేయించుకున్నారా?"

మాస్కు వెనక నుంచి మీరు తల అడ్డంగా ఊపుతారు. ఆయన కేస్ షీటు మీద రాసుకుంటాడు.