మన ఊరి బిడ్డ, స్థానికేతరుడు

ప్రతి సంచికకూ మన ప్రాంత చరిత్రలో ఏదో ఒక ముక్క రాయమని కార్యదర్శిగారు అడగడం, మేము ఆదోని కోట గురించో దర్గాల గురించో రాసి ఇవ్వడం వాడుక. ఈసారి కాలేజీ సీటు చరిత్ర రాయదలచినాము. ఇదేమి చరిత్ర అని నవ్వకండి. దీనికి కారణమైన కుర్రవాడు మా బడిలో చదువుకున్నవాడే.

గోనెగండ్లలో పుట్టినాడు. వాళ్ళ తాత ముత్తాతల సమాధులు ఇక్కడే ఉన్నవి. ఎనిమిదో తరగతి కాగానే మామూజాన్ రాయచూరుకు పిలిపించుకున్నాడు. తొమ్మిది, పది, ఆపై పి.యు.సి. అక్కడే చదివినాడు. నీట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. కర్నూలు మెడికల్ కాలేజీ మన జిల్లాదే గదా, సీటు ఎక్కడికి పోతుందని ఇల్లంతా సంబరపడినారు. తీరా కౌన్సెలింగుకు పోతే "నీవు స్థానికుడవు కావు" అన్నారు. తండ్రి రేషను కార్డు చూపినాడు, ఓటరు కార్డు చూపినాడు. వాళ్ళు అడిగింది నాలుగేళ్ళ స్టడీ సర్టిఫికెట్లు. అవి కర్ణాటకవి.

ఈ నాలుగేళ్ళ లెక్క ఎక్కడనుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కు పోవాలి.

1800లో నిజాము మన సీమను కుంపిణీకి ఇచ్చివేసినాడు. ఆ తరువాత ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆదోనివారికి కలెక్టరు కచేరి బళ్ళారిలో, విశ్వవిద్యాలయం మద్రాసులో. 1918లో హైదరాబాదులో ఉస్మానియా తెరిచి ఉర్దూలోనే పై చదువులు చెప్పసాగినారు. కాని అది నిజాము రాజ్యం, మనది బ్రిటిషు ఇలాకా. మన భాష విశ్వవిద్యాలయం తుంగభద్రకు ఆవల ఉండిపోయింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చినా అది కోస్తావారిదేనన్న అనుమానం సీమలో పోలేదు. 1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరినప్పుడు అనంతపురంలో ఒక విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలని రాసుకున్నారు. ఆ కేంద్రం కాగితం మీదనే ఉండిపోయింది.

1947లో డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్ కర్నూలులో ఉస్మానియా కాలేజీ స్థాపించినారు. మన బిరాదరీలో ఎన్ని ఇళ్ళకు ఆ కాలేజీ దీపం పెట్టిందో వేరే చెప్పనక్కరలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినది. అదే రోజు బళ్ళారి జిల్లాను పంచినారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చినవి, తక్కినవి మైసూరుకు పోయినవి. ఒకే జిల్లాగా ఉన్న చుట్టాలు ఒక్క రాత్రిలో రెండు రాష్ట్రాలవారైనారు. పెండ్లి సంబంధాలు మాత్రం ఆగలేదు, ఇప్పటికీ ఆగలేదు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1957లో కర్నూలులో మెడికల్ కాలేజీ వచ్చినవి.

1956లో తెలంగాణను కలిపేటప్పుడు పెద్దమనుషుల ఒప్పందంలో సీట్ల మాట గట్టిగానే పడింది. తెలంగాణ కాలేజీల సీట్లు అక్కడి విద్యార్థులకే ఇవ్వాలి, లేదా రాష్ట్రం మొత్తం సీట్లలో మూడో వంతు వారికి ఇవ్వాలి, ఏది వారికి లాభమైతే అది. ఒప్పందం అమలు కాలేదని 1969లో తెలంగాణలో ఉద్యమం రేగింది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని చెప్పగానే ఇటు ఆంధ్రలో ఉద్యమం లేచింది. ముల్కీ నిబంధనలు ఉద్యోగాలకు సంబంధించినవి. అయినా రెండు వైపులా వీధుల్లోకి వచ్చినవారిలో విద్యార్థులే ఎక్కువ.

1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం ప్రకటించినారు. దాని కోసం రాజ్యాంగానికి 32వ సవరణ చేసి 371-డి అధికరణం చేర్చినారు. దాని కింద విద్యా ప్రవేశాలకు రాష్ట్రపతి ఉత్తర్వు 1974 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర అని మూడు స్థానిక ప్రాంతాలు చేసినారు. సీమ నాలుగు జిల్లాలూ నెల్లూరూ కలిపి మన ప్రాంతం. మన కర్నూలు కాలేజీ పేరు ఉస్మానియాది, ప్రాంతం వేంకటేశ్వరునిది, అల్లా దయవల్ల ఎవరికీ తగాదా లేదు! వందలో 85 సీట్లు ఆ ప్రాంతంవారికి, 15 అందరికీ. రాష్ట్రమంతటికీ ఒకటే ఉన్న సంస్థల్లో ఆంధ్రకు 42, ఉస్మానియాకు 36, మనకు 22.

ఇక స్థానికుడెవరు? అర్హత పరీక్ష రాసేనాటికి వరుసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివినవాడు. ఇంటరు అర్హత అయితే తొమ్మిది మొదలు ఇంటరు రెండో ఏడు దాకా. అట్లా కుదరకపోతే చివరి ఏడేళ్ళు చూసి, ఏ ప్రాంతంలో ఎక్కువ కాలం చదివితే ఆ ప్రాంతం. కాని ఆ ఏడేళ్ళూ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయి బిడ్డను అక్కడి బడిలో వేసినవారికి ఈ ఏడేళ్ళ లెక్క అక్కరకు వస్తుంది. రాయచూరు, బళ్ళారి పోయినవారికి రాదు. అక్కడ 371-జె అనే అధికరణం 2012లో 98వ సవరణతో చేర్చినారు. అందులో పుట్టుకనూ దీర్ఘ నివాసాన్నీ చూస్తారు. మామ ఇంట్లో నాలుగేళ్ళు ఉన్నంతమాత్రాన అక్కడా స్థానికుడు కాడు.

బయటివాణ్ణి వేరుగా చూడడం మన రాష్ట్రంలోనే పుట్టిన గుణం కాదు. ఇందూరు మెడికల్ కాలేజీలో మధ్యభారత్ నివాసులకు కాపిటేషన్ ఫీజు మినహాయించి, ఇతరులవద్ద తీసుకున్నారు. ఢిల్లీ విద్యార్థి డి.పి. జోషి కోర్టుకు పోతే 1955లో సుప్రీంకోర్టు అది తప్పు కాదన్నది. 1984లో ప్రదీప్ జైన్ కేసులో, నివాసాన్ని బట్టి సీట్లన్నీ కట్టిపెట్టరాదు, ఎం.బి.బి.ఎస్.లో 70 శాతం మించరాదు అన్నది. రాష్ట్రపతి ఉత్తర్వు ఉన్నందున ఆ తీర్పు మన రాష్ట్రానికి వర్తించలేదు.

ఈ కంచె చెడ్డదని మేము అనము. ఇది లేకుంటే కోస్తా పెద్ద ఊళ్ళలో కోచింగు తీసుకున్న పిల్లల ముందు గోనెగండ్ల ఉర్దూ బడి పిల్లవాడు ఎన్నో వరుసలో నిలబడేవాడో మాకు తెలుసు. మా బాధ వేరు. కంచె కట్టినవారు బిడ్డ చదువును కొలిచినారు గాని ఇంటిని కొలవలేదు. సరిహద్దు ఊళ్ళలో ఇల్లు ఒకచోట, బడి ఒకచోట ఉంటవి.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినా 371-డి రెండు రాష్ట్రాలకూ కొనసాగింది. హైదరాబాదు కాలేజీల్లో ఆ 15 శాతానికి మన పిల్లలు పోటీపడే వీలు పదేళ్ళకే పరిమితం చేసినారు. 2024తో ఆ గడువు తీరింది, తలుపు మూసినారు. తెలంగాణ మెడికల్ సీట్లకు చివరి నాలుగేళ్ళు అక్కడే చదవాలన్న నిబంధనను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు సమర్థించింది. ఒకప్పుడు నది దాటి గద్వాలలో చదివితే వేరే ప్రాంతం, ఇప్పుడు వేరే రాష్ట్రం.

మన కుర్రవానికి ఒక దారి ఉండెను. అందరికీ తెరిచిన 15 శాతంలో, తల్లిదండ్రులలో ఒకరు పదేళ్ళు రాష్ట్రంలో ఉన్నట్లు రుజువు చూపిస్తే పోటీపడవచ్చు. వాళ్ళ నాయన పుట్టినప్పటినుంచీ ఇక్కడే ఉన్నాడు. ఆ సర్టిఫికెట్టు తహసీలు కచేరిలో తీసుకుని ఫారానికి జతపరచవలెనని ఎవరూ చెప్పలేదు. ఆ ఎవరూలో మేమూ ఉన్నాము. రాయచూరుకు టి.సి. రాసి ఇచ్చింది మా చేత్తోనే, "బాగా చదువు బేటా" అని వీపు తట్టినాము గూడా. వాడు బి.ఎస్‌.సి.లో చేరినాడు.

వాళ్ళ చెల్లెలు ఎనిమిది పాసైనాక మామూజాన్ మళ్ళీ కబురు పంపినాడు. తండ్రి టి.సి. అడగను వచ్చినప్పుడు రెండు గంటలు కూర్చోబెట్టి పైన రాసినదంతా చెప్పినాము. టి.సి. అడగకుండానే లేచిపోయినాడు. ఆ పిల్ల పేరు ఇప్పుడు మా తొమ్మిదో తరగతి హాజరు పట్టీలో ఉన్నది.